పర్లాకిమిడి మూలికల కొట్లు: కాయ కొనండి, పొడి వదిలేయండి

ముందే తేల్చి చెప్పేస్తే మిగతాది చదవాలో వద్దో మీ ఇష్టం. ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడి బజారులో మూలికల సరుకు కొనాలంటే కాయలూ చెక్కలూ ధైర్యంగా కొనుక్కోవచ్చు. తీగలూ ఆకులూ చూసుకుని కొనాలి. వేళ్ళ దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. పొడుల జోలికి పోకపోతేనే మంచిది. పేరూ ఊరూ లేని పొట్లాల్లో పెట్టి ‘షుగరుకి’, ‘కీళ్ళకి’ అని ఇచ్చేవి ముట్టుకోనే వద్దు. మార్కులు వేయమంటే కాయలకి ఐదుకి నాలుగున్నర, తీగలకీ ఆకులకీ నాలుగు, వేళ్ళకి రెండున్నర, పొడులకి ఒకటి, పొట్లాలకి సున్నా.

ఇది ఏదో ఒక్క కొట్టు గురించి రాసింది కాదు. పచారీ సామానుతో పాటు చేరమూళి (ఒడియాలో మూలికల సరుకు) అమ్మే కొట్లూ, వాటి ముందు గోనెపట్టా పరుచుకుని కూర్చునే సవర ఆడవాళ్ళూ, అందరికీ కలిపి. బోర్డులు ఒడియాలో ఉన్నా బేరం తెలుగులోనే సాగుతుంది. కాబట్టి పాతపట్నం, టెక్కలి వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి మాట ఇబ్బందేమీ ఉండదు.

కాయలకి అన్ని మార్కులు ఎందుకంటే, ఊరున్న చోటు అలాంటిది. వెనక గజపతి జిల్లా కొండలు, వాటిలో 1,501 మీటర్ల మహేంద్రగిరి. 2022లో ఒడిశా ప్రభుత్వం ఆ కొండని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. అడవిలో ఏరిన కరక్కాయ, తానికాయ, ఉసిరి, నల్లజీడి, కుంకుడు ముందు ఇలాంటి కొండకింది బజార్లకే దిగుతాయి. పెద్ద ఊళ్ళ గోదాముల్లో రెండేళ్ళు మగ్గిన సరుకుకీ దీనికీ తేడా చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది.

అయితే ఆ కొండ పేరు ప్రతి బస్తాకీ అంటించేస్తారు. “అంతా మహేంద్రగిరి సరుకేనండి, నిన్ననే దిగింది” అనే మాట కరక్కాయ విషయంలో నిజమే కావచ్చు. అశ్వగంధ విషయంలో కాదు. అది ఎక్కువగా మధ్యప్రదేశ్‌లో నీముచ్, మంద్‌సౌర్ వైపు పొలాల్లో పండే పంట. అతిమధురం చాలామటుకు ఇరాన్, అఫ్ఘానిస్తాన్ వైపు నుంచి దిగుమతయ్యేది. కటుకరోహిణి హిమాలయాల మొక్క. ఇవి ఇక్కడికి చేరేసరికి నాలుగు గోదాములు తిరిగి వస్తాయి. కొట్లో అడుగుపెట్టగానే “అశ్వగంధ ఎక్కడిదండీ?” అని మామూలుగా అడగండి. “బయటి సరుకేనండి” అన్నాయన దగ్గర మిగతావి కొనండి. “కొండదే” అన్నాయన చెప్పే మిగతా మాటలు కూడా అంత నమ్మాల్సినవి కావు.

ఈ బజారుకి పనిగట్టుకుని వెళ్ళాల్సిన సరుకు కరక్కాయ. ఒడియాలో హరిడా అన్నా ఇస్తారు, కరక్కాయ అన్నా ఇస్తారు. బ్రిటిష్ కాలంలో తోళ్ళ పదునుకి ఓడల మీద విదేశాలకి వెళ్ళిన కరక్కాయ రకాల్లో ‘భీమ్లీ’ అనేది ఒకటి. భీమిలి రేవు పేరే దానికి పెట్టారు. ఆ రేవుకి వెనక ఉన్నవి ఈ తూర్పు కొండలే.

బస్తాలో పైన పేర్చిన కాయలు చూసి సరిపెట్టుకోకండి. చేయి మోచేతిదాకా దింపి అడుగునుంచి గుప్పెడు తీయండి. మంచి కాయ పసుపు కలిసిన గోధుమరంగులో ఉంటుంది. ఐదు కోణాలు తేటగా కనిపిస్తాయి. సైజుకి మించిన బరువు ఉంటుంది. చెవి దగ్గర ఊపితే లోపల ఏదీ కదలకూడదు. సన్నటి చిల్లు కనబడితే పుచ్చినట్టే. తొడిమ గుంటలో బూడిదరంగు పొడి ఉంటే బూజు పట్టినట్టు. అది తుడిస్తే పోతుంది గానీ లోపలికి దిగిన బూజు పోదు. తర్వాత చెంబుడు నీళ్ళు అడగండి. పది కాయలు వేస్తే మునిగినవి మంచివి, తేలినవి పుచ్చినవో ఎండిపోయినవో. పాత వైద్య గ్రంథాల్లో చెప్పిన పరీక్షే ఇది. కొట్టువాళ్ళకీ తెలుసు కాబట్టి ఎవరూ చిన్నబుచ్చుకోరు. పదింట్లో రెండుకి మించి తేలితే ఆ బస్తా వదిలేయండి. చివరగా ఒక కాయ రాతి మీద పగలగొట్టించండి. కండ పెళుసుగా, పసుపు-గోధుమ రంగులో గింజనుంచి ఊడి రావాలి. నల్లగా, సాగుతూ వచ్చిందంటే ఎప్పుడో తడిసి ఆరిన సరుకు.

పక్క బుట్టలో చిన్నగా, నల్లగా, ముడతలు పడి ఉండేవి చెడిపోయిన కాయలు కావు. గింజ గట్టిపడకముందే రాలిన పింద కరక్కాయలు. వీటిని ఆముదంలోనో నేతిలోనో ఉబ్బేదాకా వేయించి పొడి చేసి, రాత్రి పడుకునే ముందు అర చెంచా గోరువెచ్చటి నీళ్ళతో తీసుకుంటే విరేచనం సాఫీగా అవుతుంది. గొంతు గరగరకి, పొడిదగ్గుకి మాత్రం పెద్ద కాయే కావాలి. చిన్న ముక్క బుగ్గన పెట్టుకుని రసం మింగుతూ ఉంటే చాలు. దానికి పొడి పనికిరాదు.

పొడుల మీద అంత కోపమెందుకో త్రిఫల చెబుతుంది. లెక్క చాలా తేలిక: కరక్కాయ, తానికాయ, ఉసిరి, మూడూ గింజ తీసిన పెచ్చు, తూకానికి తూకం సమానం. గింజ తీస్తే బరువు బాగా పడిపోతుంది. కాబట్టి గింజ తీసిన పెచ్చుతో చేసిన పొడి కాయకంటే ఖరీదెక్కువ ఉండాలి. బజారులో మాత్రం పొడి కాయ ధరకే, ఒక్కోసారి ఇంకా తక్కువకే దొరుకుతుంది. అంటే గింజలతో సహా మరలో వేశారన్నమాట. చిటికెడు నాలుక మీద వేసుకుని పై పళ్ళ వెనక రుద్ది చూడండి. ఇసకలా తగిలిందంటే అది గింజే. తానికాయ గింజలోని పప్పు మత్తు కలిగిస్తుందని పాతకాలంనుంచీ చెబుతారు. అది త్రిఫలలో ఉండాల్సింది కాదు.

ఇంట్లో చేసుకోవడం పెద్ద పనేం కాదు, ఓపిక కావాలి అంతే. పెచ్చు 100 గ్రాముల చొప్పున రావాలంటే కరక్కాయా తానికాయా ఒకటిన్నర రెట్లకు పైగానే కొనండి. ఉసిరి గింజ తీసి ఎండబెట్టినదే దొరుకుతుంది, అది 110 గ్రాములు చాలు. మూడూ ఒకరోజు ఎండలో పెట్టి, కరక్కాయ ముందు రోట్లో పగలగొట్టి తర్వాతే మిక్సీలో వేయండి. నేరుగా వేస్తే బ్లేడు వంగుతుంది. మూడూ విడివిడిగా పొడి చేయాలి. కలిపి వేస్తే ఉసిరి మెత్తగా అయిపోయి, కరక్కాయ రవ్వగా మిగిలిపోతుంది, చివరికి జల్లెడ పట్టేసరికి సమపాళ్ళు తప్పుతాయి. ఉసిరి మిక్సీ వేడికే అంటుకుపోతుంది, అందుకని పది సెకన్లు తిప్పి ఆపి, మళ్ళీ తిప్పండి. పలచటి నూలుగుడ్డలో జల్లించి, ఆ తర్వాత తూచి కలపండి. ముందు తూచి తర్వాత జల్లిస్తే లెక్క ఏమీ మిగలదు.

వాడుక రోజుకి 3 నుంచి 5 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచా. మొదటి వారం అర చెంచాతో మొదలుపెట్టండి, విరేచనాలు పలచబడితే తగ్గించండి. గర్భిణులకి వద్దు. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళు రెండు గంటలు ఎడం పెట్టాలి. కరక్కాయలో ఉండే వగరు పదార్థం ఇనుముని పట్టేసి ఒంటికి అందనివ్వదు. ఇనప మూకుట్లో త్రిఫల నానబెడితే రాత్రికి రాత్రి నల్లటి సిరా అయ్యేదీ అందుకే. జుట్టుకి పెట్టుకునేదైతే ఇనప మూకుడు మంచిదే, తాగేదైతే స్టీలు గిన్నో మట్టికుండో వాడండి.

కషాయాల కొలత కూడా ఇక్కడే చెప్పేస్తాను, కొట్లలో ఎవరూ సరిగ్గా చెప్పరు. “గుప్పెడు వేసి బాగా మరిగించండి” అనేస్తారు. మెత్తటి పచ్చి సరుకుకి నాలుగు రెట్లు నీళ్ళు, మధ్యరకానికి ఎనిమిది రెట్లు, గట్టి చెక్కలకీ వేళ్ళకీ పదహారు రెట్లు పోసి, నాలుగో వంతు మిగిలేదాకా సన్నసెగ మీద మూత పెట్టకుండా కాచాలి. ఎండు సరుకు 10 గ్రాములకి 160 మిల్లీలీటర్లు పోస్తే 40 మిగలాలి. మెత్తటి పొడితో కాస్తే అడుగంటుతుంది, వడపోత దిగదు, చేదు రెట్టింపవుతుంది. కచ్చాపచ్చాగా దంచిందే వేయాలి. ఏ పూట కషాయం ఆ పూటే. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వేడి చేసుకునేది కషాయం కాదు.

తిప్పతీగ దగ్గర బజారుకి మంచి పేరే ఉంది. పచ్చిది, అదే రోజు కోసింది దొరుకుతుంది. ఒడియా పేరు గుళుచి, అలాగే అడగండి. బొటనవేలు లావు తీగ తీసుకోండి, సన్నటి లేత తీగలో సారం తక్కువ. పైపొర కాగితంలా లేచి రావాలి, కింద ఆకుపచ్చ కనబడాలి. అడ్డంగా కోస్తే బండిచక్రం ఆకుల్లా గీతలు మధ్యనుంచి అంచుకి పరుచుకుని ఉంటాయి. తీగ నిండా పులిపిర్లలాంటి బుడిపెలుంటే అది దీని దాయాది, తీసుకోవద్దు. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులు ప్రచురించారు. ఆయుష్ శాఖ అది ఆ బుడిపెల తీగ అయివుండొచ్చని బదులిచ్చింది. ఆ వాదం ఎటు తేలినా, తమ రోగనిరోధక శక్తి తమ ఒంటి మీదే తిరగబడే జబ్బులున్నవాళ్ళు, కాలేయ జబ్బున్నవాళ్ళు దీన్ని మానేయడమే క్షేమం. మిగతావాళ్ళకి పచ్చితీగ 20 నుంచి 30 గ్రాములు నలగ్గొట్టి ఎనిమిది రెట్ల నీళ్ళలో కాచిన కషాయం, రెండు మూడు వారాలకి మించకుండా. నెలల తరబడి తాగడం కరోనా కాలంలో పట్టుకున్న అలవాటు.

నేలవేము ఎండు కట్టలుగా వస్తుంది. కట్ట విప్పి చూడండి. కాడ నాలుగు పలకలుగా ఉండాలి, ఆకు ఇంకా పచ్చదనం వదలకుండా ఉండాలి. సారమంతా ఆకులోనే. కాయలు పగిలి, ఆకు రాలిపోయి, ఉత్త పుల్లలు మిగిలిన కట్ట ముదిరాక కోసింది. చీపురుకైనా పనికిరాదు. సగం కొట్లలో ఉండేది ఇదే, మార్కు తగ్గించింది అందుకే. పొడి అయితే రోజుకి 1 నుంచి 3 గ్రాములు, ఐదారు రోజులు. గర్భిణులు తాగకూడదు.

ఇంకో మాట ఉంది, అది సరుకు గురించి కాదు. జ్వరమనగానే నేలవేము కట్ట చేతిలో పెట్టడం ఈ బజారు అలవాటు. గజపతి, రాయగడ, కోరాపుట్ కొండల్లో జ్వరమంటే ముందు అనుమానించాల్సింది మలేరియాని, అందులోనూ మెదడుకెక్కే రకాన్ని. 2017లో ఒడిశా ప్రభుత్వం దుర్గమ పల్లెల్లో మలేరియా నిర్మూలన కోసం ‘దమన్’ పేరుతో పెద్ద కార్యక్రమమే మొదలుపెట్టింది. ఆశా కార్యకర్త దగ్గర వేలి చుక్క రక్తంతో పావుగంటలో తేల్చే కిట్టు ఉంటుంది, డబ్బులు అడగరు. ఆ పరీక్ష అయ్యాక కషాయం తాగాలనుకుంటే తాగండి. కషాయంతో జ్వరం కాస్త దిగి, రెండు రోజులు గడిచిపోవడమే అన్నిటికంటే ప్రమాదం.

పచ్చకామెర్లకి నేల ఉసిరి కూడా అమ్ముతారు. కొమ్మ తిప్పి చూస్తే ఆకుల కింద వరసగా చిన్నచిన్న కాయలు కనబడాలి, అదే గుర్తు. కలుషితమైన నీళ్ళవల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు మందుకి వస్తుంది. నేల ఉసిరి రసం తాగినా నష్టం లేదు గానీ, కంట్లో పసరు పోయించుకోవడం, చేతి మీద వాత పెట్టించుకోవడం మాత్రం వద్దు. మనిషి మత్తుగా ఉన్నా, మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా ఆసుపత్రికే.

అన్నిట్లోకీ తేలిగ్గా పరీక్ష చేయగలిగింది పొడపత్రి. ఒక ఎండుటాకు బాగా నమిలి నాలుకంతా తిప్పి ఉమ్మేయండి, తర్వాత చిటికెడు పంచదార వేసుకోండి. ఇసక నమిలినట్టు ఉంటే అసలుది. తీపి తెలిస్తే అది పొడపత్రి కాదు, లేదా ఎప్పటిదో. ఆ తీపి తెలియనితనం అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఉంటుంది, కాబట్టి టీ తాగేశాక ఈ పరీక్ష పెట్టుకోండి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు దీన్ని తోడు చేసుకుంటే షుగరు మరీ పడిపోవచ్చు. మాత్ర మానేసి ఇదొక్కటే వాడితే అసలుకే మోసం. రెండిట్లో ఏది చేయాలన్నా డాక్టరుకి చెప్పి, వారం వారం షుగరు చూసుకుంటూ చేయాలి.

ఇక వేళ్ళు. సుగంధిపాల వేరు విరిచి వెంటనే ముక్కు దగ్గర పెట్టుకోండి. తియ్యటి వాసన గుప్పున రావాలి. సారం పైబెరడులో ఉంటుంది, మధ్యలోది ఉత్త కట్టె. సన్నటి వేళ్ళ బదులు వేలు లావున కండపట్టిన గడ్డలు ఇస్తే అవి మారేడు గడ్డలు. నన్నారి షర్బతుకి రాయలసీమలో వాడేవి అవే, వాసనా దగ్గర దగ్గరే. మోసమని అనలేం, కానీ సుగంధిపాల ధర పెట్టి అవి కొనక్కర్లేదు. శతావరి అయితే లోపలి నార తీసినదే తీసుకోండి. నారతో ఎండబెట్టింది ఎంత దంచినా పొడి కాదు. అశ్వగంధ వేరు ఫట్‌మని విరగాలి, లోపల తెల్లగా ఉండాలి. పుచ్చు త్వరగా పడుతుంది కాబట్టి కిందికి రాలిన పొడి చూడండి. థైరాయిడ్ మందులూ నిద్రమాత్రలూ వాడేవాళ్ళకి అది వద్దు. శొంఠి మరీ తెల్లగా మెరుస్తుంటే సున్నం పట్టించినట్టు. గోరుతో గీకితే తెల్లటి పొడి రాలుతుంది. వసకొమ్ము పిల్లల నాలుకకి అరగదీసి రాసే అలవాటు ఇటు శ్రీకాకుళంలోనూ ఉంది, అటు ఒడిశాలోనూ ఉంది. మాటలు రావడం మాట అటుంచి వాంతులు పట్టిస్తుంది, ఎక్కువ వాడితే హాని చేసే పదార్థం కూడా అందులో ఉంది. పసిపిల్లల కోసమైతే కొనకండి.

వేళ్ళకి రెండున్నరే ఇవ్వడానికి అసలు కారణం సర్పగంధ. తెలుగు వైద్యుడు ‘పాతాళగరుడి’ అని చీటీ రాస్తే దూసరతీగ అని అర్థం కావచ్చు, చలవకి వాడే మామూలు ఆకు. అదే మాట ఈ బజారులో ‘పాతాళగరుడ’గా వినబడి, సర్పగంధ వేరు తూచి ఇచ్చేస్తారు. అది రక్తపోటుని గట్టిగా దించే మందు. ముంబై గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో దాని మీద రాసిన వ్యాసంతో ప్రపంచానికి తెలిసింది. 1952లో దానినుంచే రెసర్పిన్‌ని విడదీశారు. ఆ మందు ఎక్కువకాలం వాడితే ముక్కు దిబ్బడ, దిగులు, తల తిరగడం పట్టుకుంటాయి. చలవకి అనుకుని బీపీ మాత్రల మీద దీన్ని తాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అడవిలో తరిగిపోతున్న మొక్క కూడా, అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి. పేరుతో అడగకుండా ఆకు చూపించి అడగండి. అదీ కుదరకపోతే శాస్త్రీయ నామం రాయించుకుని వెళ్ళండి.

అలాగే రెండు గింజలు. చిల్లగింజ, ముషిణి గింజ ఒకే జాతి చెట్లవి. చిల్లగింజ గుండ్రంగా, చిన్నగా ఉంటుంది. కుండ లోపలి గోడకి అరగదీస్తే మడ్డినీళ్ళు తేరుకుంటాయి. క్రిములు చావవు, కాబట్టి తేరిన నీళ్ళు కాచే తాగాలి. ముషిణి బిళ్ళలా చదునుగా, బూడిదరంగు నూగుతో మెరుస్తూ ఉంటుంది. అందులో ఉన్నది స్ట్రిక్నిన్, ప్రాణం తీసే విషం. శుద్ధి చేసి వైద్యులు వాడతారు నిజమే, ఇంట్లో చేసే పని కాదు. ఈ రెండిటి బస్తాలు పక్కపక్కన పెట్టిన కొట్లో ఏ గింజలూ కొనొద్దు. ఒకే తూకం గిన్నెతో తీస్తారు కదా. నల్లజీడి ముట్టుకున్నా చర్మం పొక్కుతుంది. జీడి తగిలిన చోట రుద్దకుండా సబ్బుతో కడిగి కొబ్బరినూనె రాయాలి. ముషిణి, నల్లజీడి, గురివింద మూడూ చట్టంలో విషమూలికల పట్టికలో ఉన్నవే. వాటితో చేసిన మందు సీసా మీద ‘వైద్య పర్యవేక్షణలో వాడాలి’ అనే హెచ్చరిక తప్పనిసరి.

పొట్లాల సంగతి. గోధుమరంగు పొడి, ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండు, “పూటకో చెంచా, వారంలో మోకాళ్ళు లేస్తాయి” అన్న మాట. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, బ్యాచ్, తయారీ తేదీ, గడువు ఏవీ ఉండవు. ఇలాంటి పొడుల్లో దేశమంతటా ఎక్కువగా బయటపడేది స్టెరాయిడ్. కీళ్ళ నొప్పికి మూలిక పనిచేయడానికి రోజులు పడుతుంది. రెండో రోజుకే నొప్పి మాయమై, ఆకలి విపరీతంగా పెరిగి, నెలలో మొహం గుండ్రంగా ఉబ్బిందంటే అది మూలిక పని కాదు. అప్పటికే నెలల తరబడి వాడుతుంటే తటాలున ఆపకండి. ఒళ్ళు తనంతట తాను తయారుచేసుకునే స్టెరాయిడ్ ఆగిపోయి ఉంటుంది, ఒక్కసారి ఆపితే మనిషి కుప్పకూలొచ్చు. పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. షుగరు పొడుల్లో ఇంగ్లీషు షుగర్ మాత్రలు నూరి కలిపే మోసం కూడా ఉంది. మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటించుకోవడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. గోడ మీద ఆ బోర్డు ఉన్న కొట్టు మెట్లెక్కకపోతే సగం ప్రమాదం తప్పినట్టే.

మిగతావి చకచకా. మిరియాల్లో బొప్పాయి గింజలు కలుస్తాయి, నీళ్ళలో వేస్తే అవి తేలతాయి. పసుపు కొమ్ములు బాగుంటాయి. కంధమాల్ పసుపుకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాలిష్ పెట్టని మొరటు కొమ్మే అడగండి, విరిస్తే లోపల ముదురు నారింజరంగు ఉండాలి. కొండ తేనె మంచిదే గానీ పలచగా ఉంటుంది, నీటి శాతం 20 దాటితే నెలలోనే పులిసి నురగ కడుతుంది. సీసా నిండా పోసి బిరడా బిగించకండి. నీళ్ళలో బొట్టు వేసి చూసే పరీక్ష నేటి చక్కెర పాకాల ముందు పనిచేయదు. ఏడాది లోపు పిల్లలకి ఎంత మంచి తేనైనా నాకించకూడదు. కుంకుళ్ళూ శీకాయా ఎక్కడ కొన్నా ఒకటే.

కాటాలు ఎలక్ట్రానిక్‌వే, తూకంలో పెద్ద తేడా కనబడదు. బిల్లు మాత్రం అడిగినా ఇవ్వరు. పట్టా మీద కూర్చునే ఆడవాళ్ళ దగ్గర బేరం ఆడకండి. వాళ్ళ కరక్కాయ కొట్లో కంటే కొత్తది, ధర ఎలాగూ తక్కువే. “మావుసీ (పిన్నీ), ఏ కొండది?” అని అడిగితే చెట్టున్న చోటుతో సహా చెబుతారు.

ఎప్పుడు వెళ్ళాలంటే, ఉసిరికి కార్తీకంనుంచి మాఘం దాకా, కరక్కాయా తానికాయా సంక్రాంతి దాటాక హోలీ లోపు, నేలవేము వానలు వెనకబట్టగానే, తేనె వైశాఖంలో. ఆషాఢంనుంచి భాద్రపదం దాకా బస్తాలన్నీ చెమ్మపట్టి ఉంటాయి. ఆ నెలల్లో పని తగిలి వెళ్ళినా పచ్చి తిప్పతీగ తప్ప ఏదీ తూయించకండి. కొన్నదాన్ని ఇంటికి రాగానే రెండు రోజులు ఎండలో పెట్టి గాజుసీసాలో పోసి, మూత మీద కొన్న నెల రాసి అతికించండి. కరక్కాయ ఏడాది నిలవ ఉంటుంది. ఇంట్లో కొట్టిన త్రిఫల మూడు నాలుగు నెలలకి మించి ఉంచొద్దు, అందుకే ఒకేసారి కిలోలకొద్దీ దంచకండి.